కెమెరా ఎక్కడ పెట్టావమ్మాయ్?

పోయిన వారం జెబను మనం పాండీబజార్ వెనక సందులో, ఒక పాత మేడ మెట్లమీద వదిలేసి వచ్చాం. చంకలో తను రాసిన నవల నకలు, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, పై అంతస్తులో ఆ నవల బతుకో చావో తేల్చే ప్రచురణకర్త ఇందిరగారు. ఈమధ్యనే మనతో చేరిన పాఠకులుంటే వాళ్ళకోసం నాలుగు మాటలు చెప్పి, ఆ పిల్లను మెట్లెక్కిద్దాం.

జెబది మద్రాసులో వ్యాసర్పాడి. ముత్తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి రైల్వే యార్డు పనికొచ్చి అక్కడే పాతుకుపోయిన తెలుగు క్రైస్తవ కుటుంబం. తండ్రి పాల్‌రాజ్ బేసిన్ బ్రిడ్జి యార్డులో రైళ్ళకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తల్లి సెలీనా, జెబకు పాలపళ్ళు ఊడకముందే, ఒక పొద్దున ఇల్లు వదిలి రైలెక్కింది. డ్యూటీ నుంచి వచ్చి చూస్తే మనిషి లేదని పాల్‌రాజ్ ఎప్పుడో ఒకసారి చెప్పాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, ఎత్తనివ్వరు. జెబ నవలంతా ఆ ఎత్తని మాట గురించే. అందులో పిల్ల పేరు అమ్ములు. జెబకున్నట్టే అమ్ములుకూ ఒక ఆయా, అంటే నాయనమ్మ, ఉంటుంది. పుస్తకం అచ్చయి నాలుగు ఊళ్ళు తిరిగితే, తెలుగు పుస్తకమంటే ప్రాణం పెట్టే వాళ్ళమ్మ చెవిన ఎప్పుడో ఒకప్పుడు పడకపోతుందా అన్నది ఆ పిల్ల ఆశ. ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన రాత వెనక ఉన్నదంతా ఆ ఆశే.

అయితే రాయడం వేరు, రాసింది దిద్దుకోవడం వేరు. జెబ సౌకార్‌పేటలో శుభలేఖలు అమ్మే దుకాణంలో తెలుగు కార్డులు కంపోజ్ చేస్తుంది. ఆ వృత్తికి ఒక ధర్మం ఉంది. పెళ్ళివారు ప్రూఫ్ మీద గీత పెట్టి పంపారంటే అక్కడ ఏదో చేర్చమని అర్థం. మర్చిపోయిన మేనమామ, కొత్తగా అలకపూనిన పెదనాన్న, పేరు పక్కన రిటైర్డ్ అన్న మాట. తీసేయడమన్నది అక్కడ లేదు. ఒక్క బాబాయి పేరు తీసి చూడండి, పందిరి లేవకుండానే పెళ్ళి ఆగిపోతుంది. అందుకని ఇందిరగారు మొదటిసారి రాతప్రతిని పెన్సిలు గీతలతో నింపి ఇచ్చినప్పుడు, జెబ గంగిరెద్దులా తలూపి, ఇంటికి తెచ్చుకుని, గీత కనబడిన ప్రతిచోటా భక్తిగా ఒక పేరా చేర్చింది. మార్జిన్లో ల్యాగ్ అని ఉన్నా పేరాయే, పాయింట్ ఆఫ్ వ్యూ అని ఉన్నా పేరాయే. ఆ మాటలకు అర్థమేమిటని అడగడానికి సిగ్గు. చిక్కి రావలసిన నవల ఒళ్ళు చేసి తిరిగొచ్చింది. ఇందిరగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "ఇంకొక్కసారే జెబా. జనవరి బుక్‌ఫెయిర్‌కి ఒక్క కొత్త నవలకే చోటుంది నా దగ్గర," అన్నారు.

ఆ ఒక్కసారి ఇవాళే. దిద్దిన ప్రతి ముందే ఇచ్చేసింది, ఇందిరగారు చదివేశారు కూడా. మిగిలింది మాట వినడమే.

మెట్లెక్కుతూ జెబ సుందరరామమూర్తిగారిని తలుచుకుంది. దేవుణ్ణి కూడా తలుచుకుంది గాని, ఆయన తరవాత.

సుందరరామమూర్తిగారు తెనాలి నుంచి కుర్రవాడిగా వచ్చి, కోడంబాకంలో సినిమాలకు ఎడిటింగ్ చేస్తూ ముసలివాడైన మనిషి. మనవరాలు ఊహ పెళ్ళికి కార్డు వేయించడానికి దుకాణానికి వచ్చి, జెబ కంపోజ్ చేసిన శుభలేఖ చదివి, జేబులోంచి కలం తీసి సగం కొట్టేశారు. "ఇన్నిసార్లు ఆహ్వానించాలా అమ్మాయ్? ఒకసారి పిలిస్తే రారూ? ఇదంతా ల్యాగ్," అన్నారు. తనను నిద్రపోనివ్వని మాట ఒకాయన నోట్లోంచి అంత తేలిగ్గా ఊడిపడేసరికి జెబ సిగ్గు మర్చిపోయి, కార్డు సంగతి వదిలేసి, "ల్యాగ్ అంటే ఏంది సార్?" అని అడిగేసింది. ఇన్నాళ్ళకు అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఆమె దశ తిప్పింది.

ఆ తరవాత ఆదివారం చర్చి అయిందంటే ఆమె వ్యాసర్పాడిలో ఉండేది కాదు, సాలిగ్రామంలో ఆయన ఇంటి హాల్లో ఉండేది. ఆయనకు నవలల సంగతి తెలియదు, ఆమెకు సినిమాల సంగతి తెలియదు. మాటలు మాత్రం ఇద్దరికీ పనికొచ్చాయి. షూటింగులో తీసిందంతా రషెస్, అది సినిమా కాదు, నువ్వు రాసిందంతా కూడా నవల కాదు అన్నారాయన. ముందు కథను వరసలో నిలబెట్టేది రఫ్ కట్, ఆ తరవాత వాక్యం వాక్యం చెక్కేది ఫైన్ కట్. అచ్చుతప్పులతో మొదలుపెట్టిన జెబను చూసి, గోడ లేవకముందే సున్నం కొట్టేవాణ్ణి ఏమంటారమ్మాయ్ అని నవ్వారు. ఒక షాట్లో చేతిలో ఉన్న గ్లాసు రెండో షాట్లో మాయమైతే అది కంటిన్యుటీ తప్పు. ఇక ప్రతి సీనుకీ ఆయన వేసే ప్రశ్న ఒకటుంది: కెమెరా ఎక్కడుంది? అంటే, దీన్ని చూస్తున్నది ఎవరు?

అన్నిటికంటె ఆమెకు ధైర్యమిచ్చింది మాత్రం ట్రిమ్స్. పాతరోజుల్లో కోసేసిన ఫిల్ము ముక్కలను గది మూలన వరసగా సూదులకు వేలాడేసేవారట. ఎంత పనికిరాని ముక్కయినా సినిమా విడుదలయ్యేదాకా పారేసేవారు కాదట. "పారేస్తున్నానంటే చెయ్యి వణుకుతుంది. పక్కన పెడుతున్నానంటే వణకదు," అన్నారాయన. ఆ సాయంత్రమే జెబ ఇంటి హాల్లో గోడనుంచి గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో కోసిన పేజీలు వేలాడేసింది. ఒకపక్క పాల్‌రాజ్ యూనిఫారం, ఒకపక్క మూడో అధ్యాయం. ఎదురింటావిడ తొంగిచూసి, "ఏం జెబా, పేపర్లు ఉతికి ఆరేసినావా?" అని పేటంతా చెప్పి నవ్వించింది. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ తాడు నిండినకొద్దీ బల్లమీద నవల తేరుకుంది.

ఆ తాడుతో రెండు చిత్రాలు మాత్రం జరిగాయి. ఆదివారం సాలిగ్రామం నుంచి తిరిగొచ్చేసరికి పేజీల వరస మారిపోయి ఉండేది. "వాన జల్లు కొడతావుందని తీసి మళ్ళా పెట్టినా," అనేవాడు తండ్రి. రెండోది, ఒక పేజీని ఎన్నిసార్లు వేలాడేసినా మర్నాటికి బల్లమీదే కనిపించేది. క్లిప్పు వదులేమో అనుకుంది జెబ. చివరికి విసుగొచ్చి దాన్ని నవల్లోనే ఉంచేసింది.

ఇందిరగారి గదిలో బల్లమీద రెండు రాతప్రతులున్నాయి. ఒకటి జెబది. రెండోది ఎర్ర రిబ్బను కట్టుకుని ముస్తాబై ఉంది. జెబది కాదంటే బుక్‌ఫెయిర్‌కి వెళ్ళేది అదే. అడగకుండానే అర్థమయ్యే సంగతులు కొన్నుంటాయి.

"కూర్చో," అన్నారు ఇందిరగారు. "మొదటి మూడు అధ్యాయాలూ ఏమయ్యాయి?"

"తీసేసినా మేడం."

"అవి నాకు నచ్చాయి జెబా. మీ పేట, కొళాయి దగ్గర తగాదాలు, యార్డులో మీ ముత్తాతల సంగతులు. నేను వాటి మీద గీత కూడా పెట్టలేదే."

 గీత పెట్టినచోట కోస్తే విధేయత, పెట్టనిచోట కోస్తే తలబిరుసు. పాత జెబ అయితే ఈపాటికి, అట్నే మేడం, మళ్ళా పెట్టేస్తా అని ఉండేది. నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"బాగుంటాయి మేడం, నాకూ ఇష్టమే. అయినా అవి రషెస్. పేట ఎట్టుంటాదో నాకు తెలిసేదానికి రాసుకున్నా. కథ ఆడ మొదలుకాలా. అమ్ములు ఆయా చెయ్యి పట్టుకోని చర్చినించి వచ్చి, తలుపు బార్లా తెరిచుండేది చూస్తాదే, ఆడ మొదలైతాది. దానికి ముందుండేదంతా చదివేవాళ్ళని వాకిట్లో నిలబెట్టి మాట్లాడేదే."

ఇందిరగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి అంతసేపు పట్టే మరక అక్కడ లేదు.

"నేనూ అలాగే అనుకున్నా," అన్నారు చివరికి. "చెప్పడానికి నాకే మనసొప్పలేదు. నీకు ఎలా ఒప్పింది? పారేశావా వాటిని?"

"లేదు మేడం. ఇంట్లో తాడు మీద ఉండాయి." తాడు సంగతి, ఎదురింటావిడ మాట చెప్పేసరికి ఇందిరగారు పెద్దగా నవ్వారు. ఆ గదిలో ఆమె నవ్వడం జెబ వినడం అదే మొదటిసారి. కాస్త ఊపిరాడింది.

"సరే, ఇది చెప్పు. అమ్ములు వాళ్ళ ఆయా మాటలు. ఆడ, ఈడ, మధ్యలో అరవం. గుంటూరులో చదివేవాళ్ళకి అడ్డం పడుతుంది. కాపీ ఎడిట్‌లో కొంచెం సాఫు చేయిద్దామా?"

"కాపీ ఎడిట్ అంటే తప్పు దిద్దేది గదా మేడం. అది తప్పు కాదు, ఆయా గొంతు. కథ చెప్పేచోట నా తెలుగు తప్పయితే దిద్దండి, తలకాయ వంచుకోని ఒప్పుకుంటా. ఆమె నోరు దిద్దితే ఆ మనిషి ఉండదు. గుంటూరువాళ్ళకి అర్థం కాని మాట ఒకటి రెండుంటే, అర్థమయ్యేట్టు పక్క వాక్యం నేను మారుస్తా."

చెప్పి బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకుంది. ఇందిరగారు రబ్బరు తీసుకుని ఆ పేజీలో తన పెన్సిలు గీతలు ఒక్కొక్కటే చెరిపేశారు. రబ్బరు పొట్టును చేత్తో నెట్టి, పేజీ తిప్పి, చివరి అధ్యాయం తీశారు.

"ఇక్కడ మాత్రం నేను వదలను. ఆఖర్న అమ్ములు చేసే ప్రార్థన. చాలా బాగా రాశావు. కానీ తలుపు తెరిచే పెట్టి నిద్రపోయింది అన్నావు చూడు, అక్కడికే చదివేవాడికి గుండె పట్టేసింది. మళ్ళీ పేజీన్నర ప్రార్థన ఎందుకు?"

ఆ ప్రార్థన జెబ ఏడుస్తూ రాసింది. ఎవరి రాత వాళ్ళకు ముద్దు. కాకిని అడిగినా చెబుతుంది. గబుక్కున కోపం వచ్చింది, కళ్ళు మండాయి. ఇంకొకసారి చదివింది. తలుపు తెరిచే పెట్టి నిద్రపోయింది. తరవాత వాక్యం చదివింది. ఆ తరవాతది చదవలేకపోయింది, ఎందుకంటే సాలిగ్రామం నుంచి ఒక గొంతు చెవిలో ఆ మాట అననే అనేసింది.

"ల్యాగ్," అంది జెబ తనే. ఇందిరగారి చేతిలోంచి పెన్సిలు అందుకుని, పేజీన్నర మీదా అడ్డంగా ఒక గీత గీసింది. చెయ్యి వణకలేదు. తాడు మీద ఇంకా చోటుంది.

ఇందిరగారు లేచి, ఎర్ర రిబ్బను కట్టిన రాతప్రతిని తీసి బీరువాలో పెట్టి తలుపు వేశారు.

"దానికి వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. "నీ నవల వేస్తున్నాం జెబా. నేను చాలామందికి మార్జిన్లలో రాసిస్తాను. రాసిందల్లా ఒప్పుకునేవాళ్ళుంటారు, దేన్నీ ఒప్పుకోనివాళ్ళుంటారు. ఎక్కడ ఒప్పుకోవాలో ఎక్కడ వద్దనాలో తెలిసినవాళ్ళతో పని చేసి చాలా కాలమైంది."

జెబకు లేచి గంతులు వేయాలనిపించింది. సౌకార్‌పేట దుకాణంలో ఇకనుంచి వచ్చే ప్రతి పెళ్ళికూతురి పేరూ పెద్ద అక్షరాల్లో వేయాలనిపించింది. ఏమీ చేయకుండా, "థాంక్స్ మేడం," అని మాత్రం అంది. 

"ఉండు, అయిపోలేదు," అన్నారు ఇందిరగారు. "ఒక్క సీను మిగిలింది."

అది ఆ పేజీయే. తాడు మీద నిలవని పేజీ. బేసిన్ బ్రిడ్జి స్టేషన్లో అమ్ములు తల్లి రైలెక్కే సీను.

"నవలంతా అమ్ములు కళ్ళతో నడుస్తుంది. అమ్ములుకు తెలియనిది మనకూ తెలియదు. బాగుంది. కానీ ఈ సీన్లో అమ్ములు లేదు. ఆయాతో చర్చిలో ఉంది. తండ్రి లేడు, డ్యూటీలో ఉన్నాడు. మరి ఆ ప్లాట్‌ఫారం మీద తల్లిని చూస్తున్నది ఎవరు?"

జెబకు చప్పున సుందరరామమూర్తిగారు గుర్తొచ్చారు. ఆయన కూడా ఇదే పేజీ దగ్గర ఆగి, "కెమెరా ఎక్కడ పెట్టావమ్మాయ్? ఆవిడ పాపిట కనిపిస్తోంది, బుట్ట లోపల ఉన్నవన్నీ కనిపిస్తున్నాయి, జనం తలల మీంచి చూస్తున్నావు. నేలమీద నిలబడ్డవాడికి ఇవి కనబడవే. స్టూలెక్కాడా ఏమిటి వాడు?" అని అడిగారు. ఆరోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఎవరూ లేరు మేడం. నేనే కల్పించినా."

"కల్పించావా?" ఇందిరగారు పేజీని ఆమె వైపు తిప్పారు. "నువ్వు కల్పించినచోటల్లా నాకు తెలిసిపోతుంది. ఏదో ఒక ఉపమానం పడుతుంది. దానిలా, దీనిలా అంటావు. ఈ పేజీలో ఒక్కటి లేదు చూడు. పచ్చ వైరు బుట్ట, మీ పేట మాటలో కూడ. అందులో చుట్టిన తువ్వాలు, రబ్బరుబ్యాండు వేసిన టిఫిను డబ్బా, వెంట్రుకలు చిక్కుకున్న దువ్వెన, పెద్ద ఖాకీ కవరు. అంతే. ఇంకోటి, ఆ కవరు. కథలో మళ్ళీ ఎక్కడా రాదు. దేనికి పెట్టావు?"

"నేను పెట్టలా మేడం, అది ఆడ ఉంది," అంది జెబ.

అన్న తరవాత తన మాట తనకే వినిపించింది. బయట వాన ఆగింది. కింద సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు.

"ఉందని నీకెవరు చెప్పారు?" ఇందిరగారి గొంతు మెత్తబడింది.

నాయన చెప్పలేదు. ఆయా చెప్పలేదు. ఎవరు చెప్పారో జెబ వెతుక్కుంది. ఎంత వెతికినా చెప్పిన నోరు ఒక్కటీ దొరకలేదు.

"సీను ఉంచాలో తీయాలో నేను చెప్పను," అన్నారు ఇందిరగారు. "ఎవరి కళ్ళో తేల్చుకుని నువ్వే చెప్పు. మిగతాదంతా రేపు కంపోజింగ్‌కి వెళ్ళిపోతుంది."

మాంబళంలో రైలెక్కి, పార్కు స్టేషన్లో దిగి, రోడ్డు దాటి సెంట్రల్లో ఇంకో లోకల్ పట్టి జెబ బేసిన్ బ్రిడ్జిలో దిగేసరికి సాయంత్రం షిఫ్టు వదులుతున్నారు. నవల గెలిచిన సంతోషం ఒకపక్క ఒళ్ళంతా పొంగుతోంది. ఇంకోపక్క ఆ కవరు. పాల్‌రాజ్ చేతిసంచీ పట్టుకుని ప్లాట్‌ఫారం చివరి నుంచి నడిచి వస్తున్నాడు. మనిషి పొట్టి. సెలీనా ఆయనకంటె మూరెడు పొడుగని, పెళ్ళిలో ఫోటోగ్రాఫరు ఆయన్ను మెట్టెక్కించాడని ఆయా చెప్పి నవ్వేది.

"ఏం పాపా, ఈడికొచ్చినావు? పుస్తకం ఏస్తారంటనా?"

"ఏస్తారు నాయనా. బుక్‌ఫెయిర్‌కి నాదే."

పాల్‌రాజ్ టోపీ తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. "దేవునికి స్తోత్రం," అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. యార్డువాళ్ళు ఇద్దరు పలకరించి దాటిపోతే వాళ్ళకూ చెప్పాడు, మా పాప పుస్తకం అచ్చైతావుంది అని. జెబ ఆయన్ను చెప్పుకోనిచ్చింది. ఆ తరవాత అడిగింది.

"ఈడ అమ్మ రైలెక్కే సీను ఒకటి రాసినా గదా. అది ఎవరు చూస్తావుండారని మేడం అడిగింది. నేను చెప్పలేకపోయినా. నువ్వు ఆ పొద్దు డ్యూటీలో ఉంటివి గదా నాయనా."

పాల్‌రాజ్ పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు. టోపీ చేతుల్లో తిరుగుతూనే ఉంది.

"ఆ పొద్దు నాకు డ్యూటీ లేదు పాపా," అన్నాడు. "మీ అమ్మని రైలెక్కించింది నేనే."

ఇన్నేళ్ళు మోసిన అబద్ధం అంత చిన్న మాటలో దిగిపోయింది. జెబకు కోపం రావాలి, వచ్చింది కూడా. అయినా దానికంటె ముందు అడగవలసినది ఒకటుంది.

"అయితే అవి నీ కళ్ళా?"

"నావి ఎట్టైతాయి? నేను మీ అమ్మ బుజానికి వస్తా. ఆమె పాపిట నేను ఏపొద్దు చూస్తి?" ఆయన తల అడ్డంగా ఊపాడు. "జనంలో నలిగిపోతావని నిన్ను నా బుజాలమీద ఎక్కించుకున్నా. నా జుట్టు పట్టుకోని, ఒంగి ఒంగి ఆ కూడలోకి చూస్తావుంటివి. తువ్వాలు, డబ్బా, ఆస్పత్రి కాగితాల కవరు. నీకు గుర్తులేదనుకుంటి. ఆ పేజీ చదివినాక తెలిసింది, అన్నీ పెట్టుకోనుండావని."

కెమెరా స్టూలు మీద లేదు. నాయన భుజాల మీద ఉంది.

జెబ ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూసింది. జనం తలలు, నీళ్ళు నిలిచిన సిమెంటు, ఎదురు గోడ మీద తమిళ రాతలు. ఇక్కడే. తను ఇక్కడే ఉంది. తనను వదిలి వెళ్ళిన రోజున తను అమ్మను చూస్తూనే ఉంది, ఏదీ వదలకుండా చూసింది, ఇన్నేళ్ళు దాచి, ఒక్క ఉపమానం కూడా కలపకుండా తిరిగి అప్పజెప్పింది. ఏడుపు వచ్చింది, దాన్ని తోసుకుని నవ్వు వచ్చింది. ఫోన్ తీసి ఇందిరగారికి మెసేజ్ పెట్టింది: "సీను ఉంటుంది మేడం. కళ్ళు అమ్ములువే. అమ్ములును చర్చి నుంచి స్టేషన్‌కి మారుస్తాను. కంటిన్యుటీ రేపు పొద్దున్నకు సరిచేసి ఇస్తాను."

పంపి తలెత్తింది. "ఆ పేజీ బల్లమీద పెడతావుండింది నువ్వేనా?"

"నేనే. అది తీసేయబాకని చెప్పేదానికి నోరు రాలా."

గుమ్మిడిపూండి లోకల్ వచ్చి ఆగింది. అది వ్యాసర్పాడి వైపు పోయే రైలు కాదు. పాల్‌రాజ్ టోపీ పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, తలుపు దగ్గర కమ్మీ పట్టుకున్నాడు. సంచీలోంచి మడత పెట్టిన కాగితాల కట్ట కొంచెం బయటికి కనిపిస్తోంది. తాడు మీది కాగితాలు. క్లిప్పుల గుర్తులు ఇంకా పోలేదు.

"ఎక్కు పాపా. తిరువొత్తియూరులో దిగాల."

"ఆడ ఎవరుండారు?"

"జబ్బు మొగం నీకు చూపించనని ఇన్నేళ్ళు నా నోరు కట్టేసినాది. నువ్వు తాడు మీద ఏలాడేసినవి ఒక్కటి ఇడవకుండా చదివి ఇనిపించినా, ప్రతి ఆదివారం. ఇంకొకసారి, ఇంకొకసారి అని చదివించుకున్నాది." ఆయన చెయ్యి చాపాడు. "ఆ స్టేషన్ పేజీ మాత్రం నేను చదివి ఇనిపించలా. అది నీ నోటితో ఇనాలంట మీ అమ్మ."